మా సాల్మన్ జబ్బుకి ఒక మాట

చినపర్రు,
20-11-1999

రాజమండ్రిలో ఉండే భాస్కరం మాస్టారు గారికి, నరసాపురం దగ్గర చినపర్రు నుంచి ఏసమ్మ వందనాలు చెప్పి రాసుకునేది.

మీరు నన్నెరగరు, నేనూ మిమ్మల్నెరగను. మొన్న బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలో మీ ప్రకటన కనపడింది. నూనె మరక సరిగ్గా దాని మీదే పడింది గానీ చదవగలిగాను. జబ్బుల పేర్లన్నీ తెలుగులో పెట్టి మీరు పుస్తకం రాస్తున్నారట. చలి వల్ల కాళ్ళకీ చేతులకీ అయ్యే గాయాన్ని మీ ఊళ్ళో ఏమంటారో తెలిసినవారు రాయండి అన్నారు.

మా ఊళ్ళో ఏమీ అనరండి. మా ఊళ్ళో చలంటే తెల్లారగట్ట తలకి తువ్వాలు చుట్టుకునేంత. దానికి మాట ఎవరికి కావాలి? ఆ మాట లేకే నేను ఇలా అయిపోయాను. అందుకని మీరడిగినదానికి జవాబు చెప్పకుండా తిరిగి మిమ్మల్నే అడుగుతున్నాను. ఏమీ అనుకోవద్దు.

మా అబ్బాయి సాల్మన్ లారీ డ్రైవరు. కడియం నర్సరీల్లో మొక్కలు ఎక్కించుకుని దేశమంతా తిరిగేవాడు. కిందటి డిసెంబరులో సిమ్లా అవతల ఏదో హోటలుకి క్రోటన్ మొక్కలు తీసుకెళ్ళాడు. కొండ రోడ్డు మీద మంచులో లారీ దిగబడిపోయింది. టైర్ల కింద మంచు తెల్లార్లూ ఉత్త చేతుల్తో తీశాడట. కాళ్ళకి హవాయి చెప్పులు. మా ఊళ్ళో మేజోళ్ళు పెళ్ళికొడుకు ఒక్కడే తొడుక్కుంటాడండి, పెళ్ళినాడు. వాడికి పెళ్ళి కాలేదు.

వేళ్ళు నల్లబడిపోయాయని అక్కడి ఆస్పత్రిలో కాలి వేళ్ళన్నీ, చేతి వేళ్ళు కొన్నీ తీసేశారు. ఇంటికొచ్చాక కాలి పుండు చీము పట్టింది. విషం ఒళ్ళంతా పాకిపోయింది, ఫిబ్రవరిలో పోయాడు.

వాడి చేతులు చూసి ఊరు ఊరంతా కుష్టు అంది. ఆస్పత్రి కాగితం చూపిస్తే మా ఊరి ఆరెంపీ డాక్టరు గారు, "ఇంగ్లీషులో కోల్డ్ ఇంజురీ అని ఉంది, కోల్డంటే జలుబు" అన్నారు. జలుబుకి వేళ్ళు తీసేస్తారా అని అందరూ నవ్వారు. వాడు పోయాక మా చర్చి పద్ధతిలో ఆదరణ ప్రార్థన కూడిక పెట్టి వంట చేయించాను. అందరూ వచ్చారు, పాటలు పాడారు, ఏడ్చారు కూడా. అన్నం దగ్గరికొచ్చేసరికి సంఘమంతా ఉపవాసమే. బుధవారం నాడు, ముందు ఏ మాటా లేకుండా, చంటిపిల్లలతో సహా! వండిందంతా కాలవలో పోశాను.

వచ్చే ఫిబ్రవరి పన్నెండుకి ఏడాది. ఆ రోజు మళ్ళీ కూడిక పెడతాను. వచ్చినవాళ్ళు నా ఇంట్లో కూర్చుని అన్నం తినాలి. నాకింకేం అక్కర్లేదు. వాడికొచ్చింది చలి వల్ల వచ్చిందేనని చెప్పే తెలుగు మాట, మీలాంటి పెద్దలు రాసింది, ఒక్కటి పంపండి.

ఇట్లు,
మీ మాట కోసం చూసే
ఏసమ్మ

తా.క. జవాబు కవర్లో పెట్టి పంపండి. కార్డు మీద రాస్తే మా పోస్ట్‌మేన్ గారు ముందు తను చదువుకుని, తర్వాత ఊరికి చదివి, ఆఖర్న నాకు ఇస్తారు.


రాజమహేంద్రవరం,
28-11-1999

శ్రీమతి ఏసమ్మ గారికి, తటవర్తి భాస్కరం నమస్కరించి వ్రాయునది.

మీ లేఖ అందినది. మీ కుమారుని మరణము విచారకరము. ఇక విషయానికి వస్తాను.

మీరు కోరిన మాట: శీతాఘాతము. శీతము అనగా చలి, ఆఘాతము అనగా దెబ్బ. సవర్ణదీర్ఘ సంధి. వాక్యంలో వాడవలసిన తీరు: "సాల్మన్ శీతాఘాతమునకు లోనయ్యెను." మాట నేను చేసినదే అయినా గంభీరంగా ఉన్నదని నా అభిప్రాయం.

అయితే నాకొక నియమం ఉన్నది. జనం నోట ఆడని మాటను నేను పుస్తకంలోకి ఎక్కించను. కనుక మీ గ్రామంలో పదిమందీ వాడేలా చూసి, ఫలితం తెలియజేయగలరు.

ఇట్లు,
భాస్కరం,
విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు

తా.క. ఇంట్లో కవర్లు అయిపోయినవి. అందుచేత కార్డు.

ఇంకొక తా.క. మా ఆవిడ వరహాలక్ష్మి ఇది చదివి, "కొడుకు పోయినావిడకి సంధి చెప్పారా?" అని కార్డు చింపబోయినది. స్థలం చాలనందున విచారము క్లుప్తముగా తెలిపితినే గాని వేరు ఉద్దేశము లేదు.


చినపర్రు,
8-12-1999

భాస్కరం మాస్టారు గారికి ఏసమ్మ వందనాలు. అమ్మగారికి ప్రత్యేకంగా వందనాలు.

మీ కార్డు నాకంటే ముందు టీ కొట్టుకి చేరింది. పోస్ట్‌మేన్ గారు బల్ల ఎక్కి చదివారట. మంచిదే, ఎటూ పదిమందికీ తెలియాలి కదా అని సరిపెట్టుకున్నాను. ఆదివారం మా పాస్టరు శాంతికుమార్ గారు కూడా గుళ్ళో చెప్పారు, "మన సాల్మన్‌ది శీతాఘాతము" అని. ఆయన గొంతు గంభీరం. మీ మాట గంభీరం. రెండూ కలిసేసరికి వెనక వరసలో పిల్ల ఏడుపందుకుంది.

మా సంఘ పెద్ద పల్లంరాజు గారు అక్కడే లేచి నిలబడి, "కుష్టుకైతే సర్కారు మందుంది, బిళ్ళలు మింగితే తగ్గుతుంది. నోరు తిరగని ఈ రోగానికి ఏముందండీ?" అన్నారు. పేరే అంతుంటే రోగం ఎంతుంటుందోనని బయటికొచ్చాక ఒకటే గుసగుసలు. మా పక్కింటి అచ్చాయమ్మ వారానికోసారైనా గోడ మీంచి కరివేపాకు అడిగేది. ఇప్పుడు దూరం నుంచే, "ఏసమ్మా, మీ చెట్టుకి కూడా ఏమైనా వచ్చిందేమో చూసుకో" అంటోంది.

మాస్టారూ, ప్రభువు కుష్టురోగుల్ని ముట్టుకున్నాడని ప్రతి ఏడూ వినేదే. మావాళ్ళు ఆదివారం దానికి ఆమెన్ అంటారు, సోమవారం మా గ్లాసులో మంచినీళ్ళు తాగరు. ఒకవేళ వాడికి ఆ జబ్బే వచ్చి ఉన్నా వాడు నా కొడుకే. కానీ రానిది వచ్చిందనిపించుకుంటే వాడు ఒప్పుకోడు. చిన్నప్పుడు చెయ్యని తప్పుకి కొడితే రెండు రోజులు అన్నం మానేసేవాడు.

కాస్త చిన్న మాట చూడండి. ఎవరూ భయపడనిది.

ఇట్లు,
ఏసమ్మ

తా.క. ఆరెంపీ డాక్టరు గారు శీతాఘాతానికి ఇంజక్షనుందని చెప్పి ఇప్పటికే ఇద్దరికి పొడిచారు. వాళ్ళకి జలుబు తగ్గిందట.


రాజమహేంద్రవరం,
15-12-1999

ఏసమ్మ గారికి, భాస్కరం నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మా ఆవిడ చదివి వినిపించింది. సంస్కృతం మీ ఊరికి బరువైందని అర్థమైంది. తప్పు నాదే.

ఈసారి అచ్చ తెలుగు మాట పంపుతున్నాను: మంచుకాటు. పిల్లవాడికైనా నోరు తిరుగుతుంది. మంచు అందరూ ఎరిగినదే గనుక కొత్తగా వివరించవలసిన పని లేదు. మీ ఊరు దీన్ని తప్పక ఆదరిస్తుందని నా నమ్మకం.

మీ అబ్బాయి అన్నం మానేసే సంగతి రాశారు. మావాడూ అంతే. ఇప్పటికీ అంతే, ఏలూరులో బ్యాంకు మేనేజరు.

ఇట్లు,
భాస్కరం

తా.క. కవరు కొన్నాను. గమనించగలరు.


చినపర్రు,
27-12-1999

మాస్టారు గారికి ఏసమ్మ వందనాలు. అమ్మగారికి, ఏలూరు బాబు గారికి క్రిస్మస్ శుభాకాంక్షలు. ఆలస్యమైంది, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మీ మాట బ్రహ్మాండంగా నోరు తిరిగింది. సాయంత్రానికల్లా ఊరంతా అంటోంది. ఎవరూ నవ్వలేదు, అందరూ నమ్మారు. నమ్మడం మొదలెట్టారు గానీ ఎక్కడ ఆపాలో తెలియలేదు.

మీరు రాజమండ్రిలో ఉంటారు, మరిచిపోయి ఉంటారు. మా ఊళ్ళో మంచంటే పొద్దున్నే చేల మీద పొగలా పడుతుందే, అది. సాల్మన్ చూసిన మంచు మాలో ఎవరమూ చూడలేదు. వాడు చెప్పాడు, ఉప్పు మడిలా తెల్లగా మోకాలి లోతు ఉంటుందమ్మా అని. నేను నమ్మాను, వాడు చెప్పాడు గనక. ఊరికి అదంతా ఎవరు చెబుతారు?

మర్నాటి నుంచి ఆడవాళ్ళు ఎండెక్కేదాకా కోతకి దిగేది లేదన్నారు. మంచు పడుతుంటే వేళ్ళు ఊడిపోతాయని. రైతులు నా ఇంటి మీదకొచ్చారు. క్రిస్మస్ పాటలకి ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళు కోతి టోపీలు పెట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, గోనెపట్టాలు కప్పుకుని వచ్చారు. ఎవరింటి ముందు ఏం పాడారో ఎవరికీ వినపడలేదు. ఓ ఇంట్లో దొంగలనుకుని కేకలేశారు. పల్లంరాజు గారు గుమ్మం దిగకుండానే చేతులూపి పంపించేశారు.

నాలుగు రోజులయ్యేసరికి ఎవరి వేళ్ళూ ఊడలేదు. "ఇన్నేళ్ళ నుంచీ మంచులో తిరుగుతున్నాం, మాకెవరికీ లేని కాటు నీ కొడుక్కే ఎలా పడిందమ్మా?" అన్నారు. మళ్ళీ మొదటికొచ్చింది.

కూడికకి ఇంక నెలన్నర. నాకు భయంగా ఉందండి. కిందటిసారి అన్నం కాలవలో పోస్తుంటే చేపలు ఎగబడ్డాయి. మనుషులకి లేనిది చేపలకుంది అనుకున్నాను. మళ్ళీ అలా పొయ్యలేను.

ఇట్లు,
ఏసమ్మ

తా.క. అచ్చాయమ్మ మళ్ళీ కరివేపాకు అడిగింది. కానీ మంచు ఆరాక కోసి ఇమ్మంది.


రాజమహేంద్రవరం,
5-1-2000

అమ్మా ఏసమ్మ గారూ, నమస్కారం.

పుస్తకాల మధ్య కూర్చుని మాటలు చేసేవాడికి ఊరి పొలాల మీద పడే మంచు గుర్తుకు రాలేదు. నేను పుట్టింది అమలాపురం దగ్గర పల్లెలోనే. అయినా గుర్తుకు రాలేదు. సిగ్గుపడుతున్నాను.

బాగా ఆలోచించి, మా ఆవిడ ఆమోదం కూడా పొంది, ఈ మాట పంపుతున్నాను: చలిదెబ్బ. వడదెబ్బ అందరికీ తెలుసు. ఎండకు వడదెబ్బ తగిలినట్టే చలికి చలిదెబ్బ తగులుతుంది. ఎవరూ భయపడరు, ఎవరూ నవ్వరు. నా పుస్తకం వచ్చే నెలలో అచ్చుకు వెళ్తుంది. మీ ఊరు ఈ మాట వాడితే ఇదే ఎక్కిస్తాను.

ఇట్లు,
భాస్కరం

తా.క. మా ఆవిడ మీ కోసం ప్రార్థిస్తున్నానని రాయమంది. మా వెంకటేశ్వరస్వామికే. మీరేమీ అనుకోరు కదా?


చినపర్రు,
17-1-2000

మాస్టారు గారికి వందనాలు.

అమ్మగారి ప్రార్థనకి నేనేమీ అనుకోను. ఎవరు విన్నా సరే.

చలిదెబ్బ అని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు. మీరు గెలిచారు.

వడదెబ్బకి మజ్జిగిస్తాం, నీడన పడుకోబెడతాం, తగ్గిపోతుంది. మరి చలిదెబ్బకి ఓ దుప్పటి కప్పి కాసిని వేణ్ణీళ్ళు ఇస్తే పోయేది కదా అంటున్నారు. ఇంత చిన్నదానికి చేతికందొచ్చిన కొడుకుని పోగొట్టుకున్నావే అంటున్నారు. అచ్చాయమ్మైతే జాలిగా నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు మాత్రం కాచుకుని కూర్చున్నావా ఏసమ్మా, లేసు పనికి పోవాలి కదా" అంది. కావాలని అనలేదు. మంచిదే అది. నేనా రాత్రి నిద్రపోలేదు.

వాడు వచ్చినప్పుడు నేను దుప్పట్లు కప్పలేదా? నా చీరలన్నీ కప్పాను. చలి వాడి లోపలికి వెళ్ళి కూర్చుంది, పైన కప్పితే ఏం లాభం? ఇది ఎవరికి చెప్పను?

మొదటి మాటకి జబ్బు మరీ పెద్దదైపోయింది. రెండోదానికి అందరిదీ అయిపోయింది. మూడోదానికి మరీ చిన్నదైపోయింది. వాడికి వచ్చింది వాడికి సరిపడా ఉండే మాట లేదేమో మాస్టారూ. మీ మీద నాకు కోపం లేదు. ఇంక మాటలు పంపొద్దు.

ఇట్లు,
ఏసమ్మ

తా.క. ఏమీ లేదు.


రాజమహేంద్రవరం,
24-1-2000

ఏసమ్మ గారికి,

మీ తాజాకలం చదివి మా ఆవిడ ఏడ్చింది. నేను వరండాలోకి వెళ్ళిపోయాను.

నా దగ్గర మాటలు అయిపోయాయి. నలభై వేల మాటల పుస్తకం రాస్తున్నవాణ్ణి, మీకు పంపడానికి ఒక్కటీ కనపడలేదు. పుస్తకంలో ఆ చోట ఖాళీ వదిలేస్తాను. కూడికకు మేమిద్దరం వచ్చి మీ ఇంట్లో భోంచేద్దామనుకున్నాం. కానీ మా ఆవిడకు కంటి ఆపరేషను అదే వారానికి పడింది. క్షమించండి.

ఆ రోజు ఎవరూ తినకపోతే మాత్రం దయచేసి కాలవలో పోయకండి. ఆ రాత్రే ఫోను చేయించండి, మర్నాడు మొదటి బస్సుకి నేనొక్కణ్ణీ వస్తాను. చద్దన్నమైనా తింటాను.

భాస్కరం

తా.క. నాకు షుగరు. అయినా తింటాను.


చినపర్రు,
19-2-2000

భాస్కరం మాస్టారు గారికి, వరహాలక్ష్మి అమ్మగారికి ఏసమ్మ వందనాలు. అమ్మగారి కన్ను ఎలా ఉంది? నల్ల కళ్ళద్దాలు తీయనివ్వకండి, మసాలాలు పెట్టకండి.

మీరు మొదటి బస్సుకి రావక్కర్లేదని ఆ రోజే ఫోను చేయిద్దామనుకున్నాను. కుదరలేదు. ఫోను రాలేదంటే మీకు అర్థమయ్యే ఉంటుంది, అన్నం మిగల్లేదు. ఎలాగంటారా, మొదటి నుంచీ చెబుతాను.

ఎవరూ తినరనే ధైర్యంతో కొంచెమే వండాను. బియ్యం చిన్న గిన్నెడు, పులస దొరికే కాలం కాదు గనక నరసాపురం నుంచి పండుగప్ప చేప. ఐసు ముక్కల బుట్టలో వచ్చింది. చేప తీసి కూరొండి, ఐసు అలాగే పెరట్లో ఉంచాను.

అందరూ వచ్చారు. పల్లంరాజు గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. ప్రార్థన మొదలెట్టబోతుంటే ఆయన పక్కాయనతో, నాకు వినపడేలాగే, "ఎన్నయినా చెప్పండి, చలికి వేళ్ళు పోవడమేంటండీ? చలికి మహా అయితే వణుకొస్తుంది" అన్నారు.

నాకేమైందో నాకు తెలీదండి. పెరట్లోకి వెళ్ళి బుట్టలోంచి గుప్పెడు ఐసు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "బాబూ, మీరు సంఘ పెద్దలు. పాస్టరు గారి ప్రార్థన అయ్యేదాకా ఇది పట్టుకోండి, చాలు. తర్వాత మీరేమన్నా ఒప్పుకుంటాను" అన్నాను. అంతమందిలో కాదనలేకపోయారు. "ఓస్, ఇంతేనా" అని గుప్పిట మూశారు.

శాంతికుమార్ గారి ప్రార్థన మీరెప్పుడూ వినలేదు. ముందు సంఘం కోసం, తర్వాత మండలం కోసం, జిల్లా, రాష్ట్రం, దేశం, పొరుగు దేశాలు, ఆ తర్వాత జబ్బుపడినవాళ్ళు పేరుపేరునా. ఆయన మండలంలో ఉండగానే పల్లంరాజు గారు కదలడం మొదలెట్టారు. జిల్లాకొచ్చేసరికి "ఆమెన్" అన్నారు, ముగించమని. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు కదా, పెద్దాయన్ని పరిశుద్ధాత్మ కదిలించిందనుకున్నారు. ఇంకా ఉత్సాహంగా ఎత్తుకున్నారు. "ఆమెన్! ఆమెన్ బాబూ!" అని ఈయన అరుస్తున్న కొద్దీ ఆయన మళ్ళీ మండలం నుంచి మొదలెట్టారు. నేను నవ్వకూడదు. నా కొడుకు ఏడాది కూడిక. చెంగు నోట్లో కుక్కుకున్నాను మాస్టారూ. వాడు పోయాక అదే మొదటిసారి.

దేశ నాయకుల దగ్గర ఆయన గుప్పిట విప్పేశారు. ఐసు సగం కరిగి జారిపోయింది. కానీ వేళ్ళు చాచలేకపోయారు. తెల్లగా పాలిపోయి అలాగే వంగి ఉండిపోయాయి. వాటి వైపు చూస్తూ కూర్చున్నారు. ప్రార్థన అయిపోయినా చూస్తూనే ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లగా, "ఏసమ్మా, వాడు తెల్లార్లూనా?" అన్నారు.

"అవును బాబూ" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి కింద కూర్చున్నారు. "ఆకు వెయ్యి" అన్నారు.

వేసి వడ్డించాను. ఆయన చెయ్యి అన్నం కలపడానికి రాలేదు, మొద్దుబారిపోయింది. అందుకని నేనే పక్కన కూర్చుని, చేప ముల్లు తీసి, ముద్ద కలిపి ఆయన నోట్లో పెట్టాను. ఊరంతా చూస్తోంది. ఆయన నమిలారు, మింగారు. "ఉప్పు సరిపోయింది" అన్నారు. అచ్చాయమ్మ ఆకు తనే వేసుకుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కూర్చున్నారో నాకు గుర్తులేదు. గిన్నె అడుగు కనపడింది. అందనివాళ్ళకి అచ్చాయమ్మ వాళ్ళింట్లోంచి అన్నం తెచ్చి పెట్టింది. నాకు మెతుకు మిగల్లేదు. వాడున్నప్పుడు కూడా చేపల కూర వండితే నాకు మిగిలేది కాదు.

ముందే ఎక్కువ వండాల్సిందండి. వాడున్నప్పుడే పిలవాల్సింది. వాడి ఎదురుగా తిని ఉంటే ఎంత బావుండేది అనిపిస్తోంది. అది ఇంక అనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడొక కొత్త గోల. ఆ రోజు చూసినవాళ్ళంతా ఒక్కొక్కరే ఐసు పట్టుకుని చూశారు. పల్లంరాజు గారు మర్నాడు టీ కొట్టులో, "నా చెయ్యి సాల్మనైపోయిందిరా" అని చెప్పారట. అంతే, పట్టుకుంది. ఐసు ఫ్యాక్టరీలో చేసేవాళ్ళు వేళ్ళు కొంకర్లు పోతే, "ఆగరా, చెయ్యి సాల్మనయింది" అంటున్నారు. నిన్న చేపల రేవులో ముక్కూ మొహం తెలియనావిడ అంది. మొదట విన్నప్పుడు గొడవ పడదామని వెళ్ళాను. తీరా వెళితే ఆవిడ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంటోంది. నేనూ కూర్చుని రుద్ది వచ్చేశాను.

జనం నోట ఆడితేనే పుస్తకంలో ఎక్కిస్తానన్నారు. ఆడుతోంది. ఎక్కించడం, మానడం మీ ఇష్టం. ఒకసారి మా ఊరు రండి, ఇద్దరూ. ఈసారి పెద్ద గిన్నెలోనే వండుతాను.

ఇట్లు,
సాల్మన్ అమ్మ
ఏసమ్మ

తా.క. ఒకవేళ ఎక్కిస్తే, అర్థం దగ్గర వేళ్ళు మొద్దుబారడం అని ఒక్కటే రాసి వదిలెయ్యకండి. లారీ బాగా నడిపేవాడు అని కూడా రాయండి.